రిమోట్ ఆపితే ఆగాల్సిన పడవ

మా బావ పెన్ను కూడా తనే తెచ్చుకున్నాడు. అక్కడే నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం ఒక్కటే తెచ్చుంటే బతిమాలడానికి వచ్చాడులే అనుకుని, అక్క మొహం చూసి రెండు మాటలు వినేదాన్ని. ఈయన ప్రమాదం జరిగిన రోజు తనిఖీ షీటులో నేను వాడిన నీలం పెన్ను ఏదో కనుక్కుని, సరిగ్గా అలాంటిదే కొనుక్కుని మరీ వచ్చాడు.

నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఆ సమయానికి ఒక ఆఫీసు భవనం అడుగున, లిఫ్టు గుంతలో, మోకాళ్ళ మీద కూర్చుని స్ప్రింగులకి గ్రీజు పూస్తున్నాను. బావ గుంత అంచున నిలబడి పైనుంచి కాగితం ఊపుతున్నాడు.

"ఒక్క లైను మరదలా. 'మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి, రిసీవర్ మార్చాక, పడవని మళ్ళీ తనిఖీ చేశాను, సరిగ్గా ఉంది.' కింద నీ సంతకం. అర నిమిషం పని."

"చెయ్యని తనిఖీ చేశానని రాయమంటావు."

"నాకోసం కాదు. ఆ పోస్ట్‌మ్యాన్ కోసం. తనిఖీ జరగలేదని తెలిస్తే బీమా వాళ్ళు పైసా విదల్చరు. డాక్టరు మూడు వారాల్లోపు ఆపరేషన్ అన్నాడు. ఇవాళ్టికి పన్నెండో రోజు. నీ నిజాయితీ నువ్వు జాగ్రత్తగా దాచుకో, ఆయన వేళ్ళు అలా వంకరగానే ఉండిపోతాయి."

చూశారా మాట ఎలా తిప్పాడో? తప్పు చేసింది తను, ఆ మనిషి వేళ్ళు బాగుపడకపోతే పాపం నాది!

"ఇంకోటి, క్లబ్బు లాకరు తాళంచెవి కూడా ఒకసారి ఇస్తే పడవ తుడిచి పెడతాను. తడికి పాడైపోతుంది."

"అది ప్రమాదం చేసిన పడవ. కేసు తేలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. ఆ రూలు కింద సంతకం నీదే, ప్రెసిడెంటు గారూ."

"అబ్బబ్బ, రూలు రూలు రూలు!"

"బావా, నా చేతిలో పెద్ద రెంచి ఉంది. వెళ్ళిపో."

కాగితం, పెన్ను గుంత అంచున పెట్టి వెళ్ళాడు. వదల్లేదు, చూడండి. పెట్టి మరీ వెళ్ళాడు.

ఊరి చివర రాయి కొట్టి వదిలేసిన ఒక గని ఉంది. దాంట్లో నీళ్ళు నిలిచి పెద్ద మడుగైంది. ఆదివారాలు మేం ఇరవై మందిమి అక్కడ చేరి రిమోట్ పడవల పందేలు పెట్టుకుంటాం. బొమ్మ పడవలే కదా అని నవ్వేవాళ్ళు చాలామంది ఉన్నారు. గజం పొడుగు, నాలుగు కేజీల బరువు, వెనక కత్తి అంచుతో తిరిగే ప్రొపెల్లరు, రోడ్డు మీద మోటారుసైకిల్ని దాటేసే వేగం. ఒకసారి దాని ముందు నిలబడి నవ్వమనండి, చూద్దాం.

బావ క్లబ్బు ప్రెసిడెంటు. నన్ను సేఫ్టీ ఆఫీసర్‌ని చేసిందీ ఆయనే. నా మీద గౌరవంతో కాదు. బీమా దరఖాస్తులో 'సేఫ్టీ ఆఫీసర్ పేరు' అని ఒక గడి ఉంది, అది నింపాలి. "మా మరదలు లిఫ్టులు చూస్తుంది, పడవలు చూడలేదా?" అని నా పేరు రాసేశాడు. నేను దాన్ని నిజం పనిగా పట్టుకుంటానని ఆయన కలలో కూడా అనుకోలేదు. నెల తిరిగేసరికి నాకు 'లిఫ్టమ్మ' అని పేరు పెట్టారు. నేను కనిపిస్తే చాలు, "లిఫ్టమ్మొస్తోంది, స్క్రూలు దాచుకోండ్రోయ్" అని ఒకటే ఇకఇకలు. ఇకిలించుకోండి నాయనా, నాకేం!

నా తనిఖీలో అన్నిటికంటే ముఖ్యమైనది ఒకటుంది. పడవని స్టాండు మీద పెట్టి, మోటారు తిప్పించి, రిమోట్ ఆపేయమంటాను. రిమోట్ ఆగిన మరుక్షణం మోటారు కూడా ఆగిపోవాలి. కరెంటు పోతే లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగాలా, కింద పడాలా? ఇదీ అంతే. సిగ్నల్ అందకపోతే పడవ ఆగిపోవాలి. అలా ఆగితే స్టిక్కరు అంటిస్తాను. ఆ తర్వాత, రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ ఉన్న డబ్బా మూత తెరిస్తే స్టిక్కరు చెల్లదు, మళ్ళీ నా బల్ల దగ్గరికి రావాలి. ఇది ఏడో రూలు.

ఎందుకంటే కొత్త రిసీవర్‌ని రిమోట్‌తో జత చేసేటప్పుడు, ఆ క్షణంలో వేగం మీట ఎక్కడుందో రిసీవర్ దాన్నే గుర్తుపెట్టుకుంటుంది. సిగ్నల్ పోతే అదే చేస్తుంది. మీట కిందికి ఉంటే ఆగిపోవడం నేర్చుకుంటుంది. పొరపాటున మీట పైకి ఉంటే? సిగ్నల్ పోగానే పూర్తి వేగంతో దూకడం నేర్చుకుంటుంది. బావది పాతకాలం రిమోట్, దాని మీట ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది. ఇలాంటి తప్పు లోకంలో ఇంకెవరూ చెయ్యలేరు, మాలాంటి పడవల పిచ్చోళ్ళు తప్ప.

ఆ ఆదివారం పొద్దున బావ పడవ నా తనిఖీలో సుబ్బరంగా నెగ్గింది. మధ్యాహ్నం రెండో పందెంలో బోల్తాపడి రిసీవర్ తడిసిపోయింది. చివరి పందేనికి ఇరవై నిమిషాలే ఉంది. కారు డిక్కీ చాటున కూర్చుని, మోటారు తీగ ఊడదీసి, కొత్త రిసీవర్ పెట్టి, హడావుడిగా జత చేసుకుని, తీగ మళ్ళీ తగిలించి, మూతకి టేపు అంటించుకుని వచ్చేశాడు. పొద్దున నేనంటించిన స్టిక్కరు పైన అలాగే తళతళలాడుతోంది.

నేను చూశాను. అందరం తెల్ల టేపు వాడతాం. ఆయన పడవ మీద పొద్దున తెల్ల టేపే ఉంది. ఇప్పుడు నల్ల టేపుంది.

"బావా, టేపు మార్చావేంటి?"

"పాతది ఊడొస్తుంటేనూ" అన్నాడు, నా మొహం చూడకుండా.

వెనకే అక్క టీ గ్లాసులు పట్టుకుని వస్తోంది. చుట్టూ జనం. మూత తియ్యి చూస్తానంటే, అక్క ముందర ఆయన్ని అబద్ధాలకోరని అన్నట్టే. ఆ పొద్దునే మా సభ్యుడే అయిన కళ్ళజోళ్ళ షాపాయన్ని వదులు స్క్రూ ఒక్కదానికి రెండుసార్లు వెనక్కి పంపినదాన్ని నేను. టీ గ్లాసు అందుకుని పక్కకి జరిగాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పందెం అయిపోయింది. నడిమధ్య ఒక పడవ ఆగిపోయి తేలుతోంది. మిగతావన్నీ గట్టుకి చేరాయి. ఆగిపోయిన పడవల్ని తెచ్చేది మా పోస్ట్‌మ్యాన్. ఆయనకి సొంత పడవ లేదు, పందేలు చూడ్డం ఇష్టం. ఆ ఇష్టం కొద్దీ ప్రతి ఆదివారం రబ్బరు పడవ వేసుకుని నీళ్ళలోకి వెళ్ళి తెచ్చిపెడతాడు. పడవలన్నీ గట్టుకి చేరాక నేను హారన్ ఊదాను. ఆయన బయల్దేరాడు.

బావ పడవ గట్టు పక్కనే, చేతికందేంత దూరంలో నిలబడి ఉంది. ముక్కు నీళ్ళ వైపు. దాన్ని ఎత్తి, మోటారు తీగ పీకి, అప్పుడు రిమోట్ ఆపాలి. వరస అది. ఈయన ముందే రిమోట్ ఆపేసి వంగాడు. ఆయన చేతికిందనుంచి అది ఒక్క దూకు దూకింది. ఎవరో అరిచారు. బావ రిమోట్ మళ్ళీ ఆన్ చేసేలోపు అయిపోవాల్సింది అయిపోయింది. పోస్ట్‌మ్యాన్ నీళ్ళలోకి కుడిచెయ్యి చాచి ఆగిపోయిన పడవని అందుకుంటున్నాడు, బావ పడవ ప్రొపెల్లరు ఆ చేతిమీదుగా పోయింది. చూపుడువేలు, మధ్యవేలు తెగిపోలేదు గానీ, వాటిని ఆడించే నరాలు తెగిపోయాయి.

బావ గుంత దగ్గరికి వచ్చి వెళ్ళిన సాయంత్రం నేను పోస్ట్‌మ్యాన్ ఇంటికి వెళ్ళాను. ఇస్త్రీ షాపు మీద రెండు గదులు. ఆయన భార్య ఒక బడి ఆఫీసులో గుమస్తా. నేను వెళ్ళేసరికి ఆయన చొక్కా బొత్తాలు పెడుతోంది. ఆయన చిన్నపిల్లాడిలా మెడ ఎత్తి నిలబడ్డాడు. కుడిచెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది.

"రా చెల్లెమ్మా, కూర్చో. మీ ప్రెసిడెంటుగారు మొన్నే వచ్చెళ్ళారు. మంచాయన. పళ్ళు తెచ్చారు, బీమా కాగితం కూడా తనే రాసి తెచ్చారు. ఎడంచేత్తో ఎలాగో గీశాను."

"ఏం కాగితం అన్నా?"

ఆయన భార్య ఫోను తీసింది. "సంతకం పెట్టే కాగితం ఏదైనా ఫొటో తీసుకోవడం నాకలవాటమ్మా. ఆఫీసు బుద్ధి."

చదివాను. 'హారన్ మోగకముందే, నా తొందరపాటు వల్ల, నేనే నీళ్ళలోకి వెళ్ళాను.' కింద వంకర టింకర సంతకం.

"నువ్వు హారన్ మోగకముందే వెళ్ళావా?"

"ఏమో చెల్లెమ్మా. నాకైతే విన్నట్టే గుర్తు. ప్రెసిడెంటుగారేమో అలా జరగలేదు, నొప్పిలో మర్చిపోయి ఉంటావన్నారు. ఇలా రాస్తేనే బీమా తొందరగా వస్తుందన్నారు."

"హారన్ ఊదింది నేను. నేను ఊదాకే నువ్వు వెళ్ళావు. నా కళ్ళతో చూశాను."

నా గొంతు ఎంత లేచిందంటే కింద ఇస్త్రీ షాపాయన పైకి తొంగిచూశాడు. లేవదా మరి? ఒక కాగితంలో పడవ సరిగ్గా ఉందని నా సంతకం కావాలట. ఇంకో కాగితంలో తప్పు తనదేనని ఈయన సంతకం. రెండూ పక్కపక్కన పెడితే బీమా వాళ్ళు ఏమంటారు? పడవది తప్పు కాదు, క్లబ్బుది తప్పు కాదు, రూలు తప్పి మీదకెళ్ళిన మనిషికి మేమెందుకు ఇస్తామంటారు. మా బావ చేతులు దులుపుకుని పోతాడు. ఈయన వేళ్ళు ఆపరేషన్ లేకుండా అలాగే ఉండిపోతాయి. పోస్ట్‌మ్యాన్ కోసమే అని నా దగ్గర వల్లించి, ఆ పోస్ట్‌మ్యాన్ మెడకే ఉచ్చు బిగించాడు. అదీ పళ్ళు తీసుకెళ్ళి!

వాళ్ళిద్దరికీ ఇదంతా చెప్పాను. ఆయన భార్య మంచం అంచున కూలబడింది. ఆయన మాత్రం, "అంత చెడ్డగా ఆలోచించి ఉండర్లే" అన్నాడు. ఇలాంటివాళ్ళని చూస్తే కూడా నాకు కోపమే వస్తుంది.

నల్ల టేపు సంగతి అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. గురువారం బీమా సర్వేయరు మడుగు దగ్గరికి వస్తున్నాడని, ఇద్దరూ రావాలని మాత్రం చెప్పి లేచాను.

ఇంటికొచ్చేసరికి అక్క ఫోను.

"ఒక్క గీతకి ఇంత రాద్ధాంతమేంటే? ఆయన అన్నం తినట్లేదు తెలుసా?"

"ఆ పోస్ట్‌మ్యాన్ తింటున్నాడే, వాళ్ళావిడ ముద్దలు పెడితే!"

"అయ్యిందేదో అయ్యింది. కావాలని చేశాడా ఆయన?"

"వేళ్ళు తెగ్గొట్టడం కావాలని చెయ్యలేదు. దొంగకాగితం మీద సంతకం పెట్టించుకోవడం కావాలని చెయ్యలేదా?"

"నీకు బావంటే మొదట్నుంచీ పడదు" అంది.

ఆ మాటకి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పడనిదే అయితే ఆ రోజు మూత తీయించేదాన్ని కదా అక్కా! అది మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఫోను పెట్టేశాను.

గురువారం పొద్దున పదింటికి సర్వేయరు వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు కూడా సన్నం. రూలు పుస్తకం అక్కడే చెట్టుకి ఆనుకుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. మా క్లబ్బులో దాన్ని అలా చదివిన మొదటి మనిషి ఆయనే. బావ, కళ్ళజోళ్ళ షాపాయన, ఇంకో నలుగురైదుగురు సభ్యులు వచ్చారు. పోస్ట్‌మ్యాన్, భార్య కాస్త దూరంగా నిలబడ్డారు.

నేను ముందుగా తనిఖీ షీటు ఇచ్చాను. బావ తెచ్చిన లైను అందులో లేదు. "రెండో తనిఖీ జరగలేదండీ" అన్నాను. హారన్ నేనే ఊదానని, ఆ తర్వాతే పోస్ట్‌మ్యాన్ కదిలాడని రాసి సంతకం పెట్టిన కాగితం కూడా ఇచ్చాను.

బావ మొహం జేవురించింది. "తనిఖీ ఉన్నా లేకున్నా పడవ బాగానే ఉందండీ. ఏదో బయటి సిగ్నల్ అడ్డం తగిలి అలా జరిగింది. ఈవిడ లిఫ్టులు చూసుకునే మనిషి, ఈవిడకేం తెలుసు?"

"చూసేద్దాం" అన్నాడు సర్వేయరు.

లాకరు తెరిచి పడవ, రిమోట్ బయటికి తీశాను. పడవని స్టాండు మీద బిగించి, కొత్త బ్యాటరీ పెట్టాను. రిమోట్ ఆన్ చేసి వేగం మీట పూర్తిగా కిందికి లాగాను. ప్రొపెల్లరు కదల్లేదు. రిమోట్ బల్లమీద పెట్టి, అందర్నీ పక్కకి జరగమన్నాను.

"ఇప్పుడు రిమోట్ ఆపండి సార్" అన్నాడు సర్వేయరు బావతో.

బావ నీళ్ళు నమిలాడు. "ఇన్నాళ్ళు తడిలో ఉంది కదండీ... ఇప్పుడు చూస్తే ఏం తెలుస్తుంది..."

"తెలిసినంతే తెలుస్తుంది. ఆపండి."

బావ చెయ్యి కదల్లేదు. ఆయనకి తెలుసు. తాళంచెవి అడిగిన రోజే ఆయనకి తెలుసని నాకర్థమైంది. సర్వేయరు ఆయన్ని, రిమోట్‌ని మార్చి మార్చి చూస్తున్నాడు.

పోస్ట్‌మ్యాన్ ముందుకొచ్చాడు. ఎవరినీ అడగలేదు. ఎడమచేతి బొటనవేలితో ఆ స్విచ్చి కిందికి నొక్కాడు.

ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ప్రొపెల్లరు కీచుమని అరుస్తూ తిరిగింది. స్టాండు బల్లమీద గడగడలాడింది. ఆయన కట్టుకట్టిన చేతిని గుండెకి హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. నేను బ్యాటరీ తీగ పీకేశాను.

"నిజంగా తెలీదు" అన్నాడు బావ. "హడావుడిలో మీట ఎక్కడుందో చూసుకోలేదు. ఒట్టు, అప్పుడు తెలీదు."

"అప్పుడు తెలీదు, సరే. తెలిశాక ఏం చేశావు? ఆయన ఇంటికెళ్ళి తప్పయిపోయిందన్నావా? ఎడంచేత్తో గీయించుకున్నావు! సిగ్గుండాలి బావా!" నేను అరుస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. ఆపుకోవాలనిపించలేదు.

సర్వేయరు రాసుకుంటూ, తల ఎత్తకుండా అడిగాడు. "స్టిక్కరు వేశాక ఆ డబ్బా తెరిచారన్న సంగతి, పందేనికి ముందు క్లబ్బులో ఇంకెవరికైనా తెలుసా?"

బావ నన్ను చూశాడు. ఆయన చెప్పలేదు. ఇంత జరిగాక కూడా నన్ను కాపాడుతున్నట్టు నోరు మూసుకుని నిలబడ్డాడు. నువ్వూ నేనూ ఒకటే అంటోంది ఆ చూపు.

"నాకు తెలుసు" అన్నాను. "టేపు మారింది. చూశాను, అడిగాను. అబద్ధం చెప్తున్నాడనీ తెలిసింది. మా అక్క అక్కడే ఉంది. నోరు మూసుకున్నాను."

సర్వేయరు పెన్ను ఆపాడు. "సేఫ్టీ ఆఫీసర్ మీరే కదా?"

"నేనే."

"సభ్యుడు, ప్రెసిడెంటే అయినా సరే, ఎవరికీ తెలియకుండా తన పడవతో రూలు తప్పితే అది అతని సొంత గొడవ, మా పాలసీలోకి రాదు. క్లబ్బు సేఫ్టీ ఆఫీసర్‌కి తెలిసీ ఆపకపోతే అది క్లబ్బు తప్పు. ఈ పాలసీ దానికోసమే." రాసింది చదివి వినిపించి నాచేత సంతకం పెట్టించుకున్నాడు. పోస్ట్‌మ్యాన్ భార్య వైపు తిరిగి, "రేపు ఆస్పత్రికి మేమే ఫోను చేస్తామమ్మా. ఆపరేషన్ ఆగదు" అన్నాడు. ఆమె పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. బావ కారెక్కి తలుపు ధడాల్న వేసుకుని వెళ్ళిపోయాడు. పోస్ట్‌మ్యాన్ నా దగ్గరికి వచ్చాడు. థాంక్స్ చెప్తాడేమోనని భయపడ్డాను. చెప్పలేదు.

"ఒక్కటి అడుగుతాను చెల్లెమ్మా, నిజం చెప్పు. ఆయన మీ బావ కాకపోయుంటే ఆ రోజు ఆపేదానివా?"

"ఆపేదాన్ని అన్నా" అన్నాను.